పర్లాకిమిడి నుంచి ఒక బాలింత దండాలు

నాకు రెండో కానుపై ఇవాళ్టికి నాలుగు నెలలు. నిన్న సాయంత్రం ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, బాబుని ఎత్తుకుని వీధి చివర గుడిదాకా నడిచి వెళ్ళొచ్చాను. అందుకే ఈ నాలుగు ముక్కలు.

బాబు పుట్టినప్పుడు 4 కిలోలు. మామూలు కానుపే. తల బయటికొస్తుండగా నా పొత్తికడుపు కింద టక్కుమంది. మర్నాడు పక్కకి ఒత్తిగిల్లలేను, పడుకుని కాలెత్తలేను. "కానుపు నొప్పులు, తగ్గిపోతాయి" అని ఇంటికి పంపేశారు.

ఆశా దీదీ, మొదటి దండం నీకు. ఏడో రోజు బిడ్డని తూచడానికొచ్చి, నేను మంచం దిగడం చూసి, ఇది ఎముకల డాక్టరు చూడాల్సిందేనని పట్టుబట్టి బరంపురం పంపించావు.

అక్కడ డాక్టరుగారు ఎక్స్‌రే చూపిస్తూ చెప్పారు. కటి ఎముకలు ముందువైపు కలిసేచోట సందు మామూలుగా 4, 5 మిల్లీమీటర్లు. కడుపుతో ఉన్నప్పుడు కీళ్ళు వదులై మరో రెండు మూడు పెరుగుతుంది. 10 దాటితే విడిపోయినట్టే. నాది 19. ఆ అంకె విని భోరున ఏడ్చాను. వారంగా నేను చెబుతున్నది ఒకరు కొలిచి చూశారు. ఆపరేషన్ అక్కర్లేదు, బెల్టు, వాకరు, ఓపిక చాలన్నారు.

పాతపట్నం నుంచొచ్చిన మా పిన్ని అప్పటిదాకా నడికట్టు పొట్టమీద బిగించేది. కట్టాల్సింది ఇంకా కిందకి, తుంటి ఎముకల మీదుగా అని డాక్టరుగారు చూపించారు. ఆ రోజు నుంచి బెల్టు జారినప్పుడల్లా పిన్నే సర్దింది. రాత్రి నేను పక్కకి తిరగాలంటే లేచి, మోకాళ్ళ మధ్య దిండు పెట్టి, రెండు కాళ్ళూ కలిపి తిప్పేది. విసుక్కోలేదు తల్లి.

చీర కూర్చునే కట్టుకోమని, మెట్టుకి రెండు కాళ్ళూ ఆనించి ఎక్కమని నేర్పిన ఫిజియోథెరపీ అమ్మాయికీ రుణపడ్డాను. మీ ఇళ్ళల్లో బాలింత ఎవరైనా కాలెత్తలేకపోతున్నానంటే దయచేసి ఎక్స్‌రే తీయించండి.

పక్కింటి ఒడియా మావుసీ తన అత్తగారి కమోడ్ కుర్చీ అడక్కుండానే తెచ్చిచ్చింది. మా పెద్దదానికి రోజూ పొఖాళొ, అదే మన చద్దన్నం, పెట్టి బడికి పంపింది. మావుసీ, కుర్చీ కడిగి ఎండబెట్టాను. రేపు తెచ్చిస్తాం. బాబుని నేనే ఎత్తుకొస్తాను.