లాక్ నెస్ ట్రిప్పు, కోట పుస్తకం: జమా ఖర్చుల వివరణ

అందరికీ నమస్కారం. లెక్కలు ఇంకా పెట్టలేదేంటని నాలుగు వారాల నుంచి అడుగుతున్నారు, ఇవిగో. ఎడిన్‌బరాలో మన 17 ఇళ్ల వాళ్లు ఇంటికి 120 పౌండ్లు ఇస్తామన్నారు, 14 ఇళ్ల నుంచి 1,680 వచ్చింది. పేరు చెప్పొద్దని ఒక పెద్దాయన ఇంకో 100 ఇచ్చారు, ఆయనకి దణ్ణం. జమ మొత్తం 1,780.

బస్సు 780, అర్కర్ట్ కోట (లాక్ నెస్ సరస్సు ఒడ్డున పాడుబడ్డ కోట) టికెట్లు 470, పులిహోర, పెరుగన్నం సామాన్లు 165 (వండిన అక్కలు, వదినలు పైసా తీసుకోలేదు), ప్లేట్లు, చెత్త కవర్లు 28, డ్రైవరుకి 30. వీటి మీద ఎవరికీ పేచీ లేదు.

గొడవంతా పుస్తకం దగ్గరే. పిల్లల కోసం కోట చరిత్ర తెలుగులో వేయించాం, మొదటిసారి 140, రెండోసారి 185, ఒకే పుస్తకానికి రెండు బిల్లులేంటని అడిగారు, అడగాల్సిందే. అట్ట మీదే 'జాకబైట్లు పేల్చేసిన కోట' అని పడింది, తప్పు మాదే. జాకబైట్లంటే గద్దె దిగిపోయిన జేమ్స్ రాజు వైపు వాళ్లు, కోటలో కాపలా ఉన్నది వాళ్లకి ఎదుటి పక్షం, అంటే ప్రభుత్వ సైన్యం. ఆ సైన్యమే 1692లో ఖాళీ చేసి పోతూ పోతూ, కోట జాకబైట్లకి పనికి రాకూడదని గేటు బురుజు పేల్చేసింది. పేల్చింది ఒకళ్లు, మేం నింద వేసింది ఇంకొకళ్ల మీద. స్టిక్కర్లు అంటిస్తే పోయేదిగా అన్నారు, అట్ట మీదా, లోపల మూడు పేజీల్లోనూ, ఆఖరికి క్విజ్ జవాబులోనూ అదే ఉంటే ఎన్ని అంటిస్తామండీ? అందుకే మళ్లీ అచ్చు వేయించాం. ట్రిప్పుకి రెండు రోజులే ఉంది, అర్జెంటని ప్రెస్సు వాళ్లు రేటు పెంచారు, ఎలాగూ వేస్తున్నాం కదా అని మేమూ రెండు పేజీలు పెంచాం, అది ఒప్పుకుంటాం. 1545లో మెక్‌డొనాల్డ్ వంశం వాళ్లు వచ్చి పశువుల్ని తోలుకుపోయి, కోటలో పరుపులు, వంట గిన్నెలు, తలుపులు కూడా ఎత్తుకుపోయిన కథ, 1715లో పెనుగాలికి కోటలోని గ్రాంట్ టవర్ ఒక పక్క కూలిన కథ అందులోవే. పిల్లలు ఇప్పటికీ ఆ పరుపుల సంగతే చెప్పుకుంటున్నారు.

ఖర్చు మొత్తం 1,798. తగ్గిన 18 కోశాధికారి గారు జేబులోంచి వేశారు. ఆ మూడిళ్ల 360 వచ్చుంటే ఈ పోస్టే ఇంత పొడుగు ఉండేది కాదు. కోట పేల్చినందుకు ఓనరు లుడోవిక్ గ్రాంట్‌కి 2,000 పౌండ్లు పరిహారం ఇమ్మని పార్లమెంటు ఆర్డరేసింది, ఆయనకి ఒక్క పైసా అందలేదు. మా కోశాధికారికి రావాల్సింది 18 మాత్రమే, కాస్త చూడండి.

బిల్లులన్నీ ఆయన దగ్గరున్నాయి, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. తప్పు అట్ట పుస్తకాలు 60 మా గ్యారేజీలో పడున్నాయి, పిల్లలకి మాత్రం ఇవ్వకండి.

ఇట్లు,
ట్రిప్పు కమిటీ