ప్రభుత్వానికి ఇచ్చే వైద్య సలహా మనకూ తెలియాలి

సంపాదకులకు నమస్కారం.

ఈమధ్య మా అమ్మకు మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చింది. రెండు రకాల మాత్రలు కోర్సు పూర్తిగా వాడినా జ్వరం తగ్గలేదు. కల్చర్ టెస్ట్ చేయిస్తే రిపోర్టులో పద్నాలుగు యాంటీబయాటిక్ మందుల పేర్లున్నాయి, పదకొండింటి పక్కన ‘ఆర్’ అని ఉంది. అంటే ఆ మందులకు క్రిములు లొంగడం లేదని అర్థం. మిగిలిన మూడూ ఇంజెక్షన్లే. ఆ కాగితం పట్టుకుని ల్యాబ్ మెట్ల మీద చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

యాంటీబయాటిక్‌లు డాక్టరు చీటీ చూసే అమ్మాలి. వాటిలో కొన్నింటిని రిజిస్టర్లో కూడా రాసుకోవాలని 2014 మార్చి నుంచి నిబంధన ఉంది. మా వీధి చివరి మందుల షాపులో మాత్రం జలుబంటే చాలు, చీటీ అడగకుండా స్ట్రిప్పు కత్తిరించి చేతిలో పెడతారు. ఇలా అనవసరంగా వాడడం వల్ల కూడా క్రిములు మందులకు లొంగకుండా పోతాయి. ఈ విషయంలో మన ప్రభుత్వానికి సలహా చెప్పే పెద్ద డాక్టరు ఎవరు? ఆయన ఏం చెప్పారు? నాలాంటి వాళ్లకు తెలిసే దారి లేదు.

ఇంగ్లండులో ప్రభుత్వానికి వైద్య సలహా చెప్పడానికి చీఫ్ మెడికల్ ఆఫీసర్ అనే పదవి ఉంది. కలరా కాలంలో, 1855లో, జాన్ సైమన్ అనే సర్జన్‌తో మొదలైంది. ఆ పదవిలో ఉన్నవాళ్లు తమ పేరు మీద నివేదికలు రాసి ప్రజల ముందు పెడతారు. 2013లో శాలీ డేవిస్ యాంటీబయాటిక్‌లు పనిచేయకుండా పోతున్న ప్రమాదం గురించే నివేదిక ఇచ్చారు. ఆ ఏడాదే అక్కడి ప్రభుత్వం ఐదేళ్ల ప్రణాళిక తెచ్చింది. అంతకుముందు లియామ్ డొనాల్డ్‌సన్ బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడం ఆపాలని రాస్తే ప్రభుత్వం మొదట ఒప్పుకోలేదు. 2007 జులై 1న ఆ నిషేధం అమల్లోకి వచ్చింది. మద్యానికి కనీస ధర పెట్టమని 2009లో ఆయనే అడిగితే ప్రధాని గోర్డన్ బ్రౌన్ కాదన్నారు. కాదనే హక్కు ప్రభుత్వానికి ఉంది. కానీ సలహా ఏమిటో, కాదన్నది ఎవరో అందరికీ తెలిసింది.

మన రెండు రాష్ట్రాల్లోనూ ప్రజారోగ్య డైరెక్టర్లు ఉన్నారు. వాళ్లను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. సిబ్బంది పోస్టింగుల దగ్గర్నుంచి డెంగీ సీజన్ దాకా అన్నీ వాళ్ల నెత్తినే. పైకి రాసిన సలహా ఫైల్లోనే ఉండిపోతుంది. 2020 మార్చిలో కరోనాకు పారాసిటమాల్ వేసుకుంటే సరిపోతుందన్న మాట ఇద్దరు ముఖ్యమంత్రుల నోటా విన్నాం. ఆ మాట డాక్టరు చెప్పాల్సింది. పరిస్థితి మారితే, మారిందని చెప్పాల్సిందీ డాక్టరే.

అందుకే రెండు ప్రభుత్వాలనూ అడుగుతున్నాను. మధ్యలో బదిలీ చేయడానికి వీల్లేని ఒక వైద్య సలహాదారును పెట్టండి. ఏటా ఆ డాక్టరు సంతకంతో, తెలుగులో, ఒక నివేదిక అసెంబ్లీ ముందు ఉంచండి. మొదటిది యాంటీబయాటిక్‌ల మీదే రావాలి. ఏ జిల్లాలో ఏ మందు పనిచేయడం మానేసిందో అందులో ఉండాలి. అలాంటి లెక్క చేతిలో ఉంటే మా డాక్టరు గారు అమ్మకు మొదటి రోజే వేరే మందు రాసేవారేమో.

– ఒక పాఠకురాలు, తెనాలి