చిన్నాకి, జిప్సీ వెనక ఇరుసు హౌసింగ్ గురించి

చిరంజీవి చిన్నాకి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగున్నాం. విద్యానగర్ నుంచి కొండాపూర్‌కి ఉత్తరమేంటని నవ్వుకోకు. ఫోన్ చేస్తే మీటింగ్ అంటావు, మెసేజ్ పెడితే బొటనవేలి బొమ్మ ఒకటి పంపి ఊరుకుంటావు. మీ అమ్మ అది చూసి ‘బాగానే ఉన్నాడులే’ అంటుంది. ఆమెకి అది చాలు. రాజు మీ వైపు వస్తున్నాడంటే వాడి చేతికిచ్చి పంపుతున్నాను.

వానలు మొదలయ్యాయి. మన వీధి మళ్లీ తవ్వారు, ఈసారి దేనికో ఎవరికీ తెలీదు. పద్మ పిన్ని మోకాలికి కట్టు విప్పారు, మెల్లగా నడుస్తోంది. మొన్న ఆదివారం బుజ్జి వచ్చాడు. అమ్మ పకోడీలు వేసింది. వాడు తింటూ తింటూ మాటల్లో ఔటర్ రింగ్ రోడ్డు మీద నీ వెనకాలే నార్సింగి దాకా వచ్చానన్నాడు. హారన్ కొట్టినా నువ్వు చూడలేదట. అది సరే. ‘పెదనాన్నా, అన్న జిప్సీ పీతలా నడుస్తోంది. వెనక నుంచి చూస్తే కుడివైపు ముందు టైరు కనిపిస్తోంది, ఎడమది కనిపించట్లేదు’ అన్నాడు. ఆ ముక్క విన్నాక నాకు పకోడీ సహించలేదు.

నువ్వు జిప్సీ కొన్నప్పుడు నేనేమీ అనలేదు, గుర్తుందా? 1985లో వచ్చిన మోడల్, నాలుగు మూలలా స్ప్రింగులంటే ఇనప పట్టీల కమాన్ కట్టలే, పడుకుని చూస్తే అన్నీ కంటికి కనిపించే బండి. అది మంచిదే. ఆ కట్టల్లో పట్టీలు చేర్పించి బండిని రెండంగుళాలు లేపించావని కూడా బుజ్జి చెబితేనే తెలిసింది. అప్పట్నుంచీ బండి ఒక పక్కకి లాగుతోందనీ, అలైన్‌మెంట్ షాపు చుట్టూ తిరుగుతున్నావనీ అన్నాడు. ఈ నెలాఖరుకి ఫ్రెండ్స్‌తో శ్రీశైలం ఘాట్ ఎక్కుతున్నావట. వెళ్లొద్దని అనడం లేదు.

అమ్మ నీకు గోంగూర పచ్చడి, కందిపొడి పెట్టింది. రోజూ బయటి తిండి తింటే కడుపు ఏమవుతుందో నీకు చెప్పక్కర్లేదు.

మా డిపోలో ఒక సిటీ బస్సు ఇలాగే ఏడిపించింది. స్టీరింగ్ కుడికి పట్టుకుంటే గానీ సూటిగా పోవట్లేదని డ్రైవర్ రోజూ బుక్కులో రాసేవాడు. ముందు చక్రాల్ని తిప్పే టైరాడ్ ఎండ్లు మార్చారు, కింగ్‌పిన్లు మార్చారు, టో, అంటే ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, సరిచేశారు. రెండ్రోజులు బాగున్నట్టే ఉండి మళ్లీ మొదటికొచ్చేది. డ్రైవర్‌కే పట్టు తెలియదని ఎవరో అనేసరికి ఆ మనిషి పానా విసిరికొట్టి క్యాంటీన్‌లోకి వెళ్లిపోయాడు. అప్పుడు మాకు పని నేర్పిన ఉస్తాద్ బీడీ ఆర్పి లేచాడు. యార్డులో రెండు బకెట్ల నీళ్లు పోయించి, బండిని మెల్లగా దాని మీదుగా పొడినేల మీదికి సూటిగా నడిపించమన్నాడు. మేమందరం ముందు టైర్ల దగ్గర వంగి చూస్తుంటే, ‘ఆగే నక్కో, పీఛే దేఖో’, ముందు కాదు వెనక చూడండ్రా అని కేకేశాడు. వెనక జోడు టైర్ల జాడ రెండు పక్కలా ఒకేలా పడాలి కదా, కుడి పక్కది నాలుగు వేళ్లు బయటికి జరిగి ఉంది! పిట్‌లోకి దిగి లైటు పెడితే కుడివైపు ఇరుసు మీద కమాన్ కట్ట కూర్చునే సీటు మీద తుప్పు పోయి, గీరినట్టు మెరుస్తున్న గీత. కట్టని సీటులో కదలకుండా నిలిపే సెంటర్ బోల్ట్ లోపలే తెగిపోయింది. పైకి కట్టని ఇరుసుకి బిగించే యూ బోల్టులు బిగుతుగానే కనిపిస్తున్నాయి, కానీ హౌసింగ్, అంటే వెనక ఇరుసు గొట్టం, ఆ పక్క బొటనవేలంత వెనక్కి జారింది. సీటు దగ్గర బొటనవేలంత తేడా, బండి పొడవుకి నేల మీద నాలుగు వేళ్లయింది. డ్రైవర్‌ని క్యాంటీన్ నుంచి ఎవరు పిలవాలని మళ్లీ గొడవ. చివరికి ఉస్తాదే వెళ్లి టీ ఇప్పించి తీసుకొచ్చాడు.

నీ బండికి ఎడమవైపు అదే జరిగిందని నా అనుమానం. స్టీరింగ్ కాస్త ఎడమకి పట్టుకుంటున్నావా, నిజం చెప్పు. స్టీరింగ్ మధ్యలో ఉండి జాడ మాత్రమే పక్కకి పడితే హౌసింగ్ అడ్డంగా జరిగిందనుకోవచ్చు. కానీ షాపువాడు స్టీరింగ్ మధ్యకి తెచ్చేసి ఉంటాడు కాబట్టి దాన్నీ నమ్మలేం. ముందు చక్రాలకి ఎన్నిసార్లు టో కట్టినా వెనక చక్రాలు తోసే దిక్కు మారదురా. నాలుగు చక్రాలకీ చేసే మెషీన్ మీద పెడితే ఆ దిక్కు ఎంత వంకరో చెప్పే థ్రస్ట్ యాంగిల్ అని ఒక అంకె ఇస్తుంది, అది సున్నాకి దగ్గర ఉండాలి. ఎక్కువుంటే వాడు చెప్పగలడు గానీ, ఈ హౌసింగ్‌కి తిప్పి సరిచేసే బోల్టేమీ లేదు, కట్ట విప్పాల్సిందే.

ముందు గాలి, టైరు సైజు చూసుకో. తర్వాత సమనేల మీద స్టీరింగ్ సూటిగా పెట్టి, మేస్త్రీలు వాడే గుండు దారం చక్రాల మధ్య నుంచి వేలాడదీసి, ముందు వెనక చక్రాల మధ్య దూరం రెండు పక్కలా కొలువు. తేడా వస్తే అక్కడితో ఆగకు. జిప్సీకి ముందు కూడా కమానే కదా, ముందు హౌసింగ్ జరిగినా తేడా వస్తుంది. అందుకని వెనక కమాన్ ముందు కొస, చాసిస్‌కి పట్టుకునే బోల్ట్ నుంచి హౌసింగ్ దాకా రెండు పక్కలా కొలువు. అక్కడ సెంటీమీటర్ తేడా ఉన్నా అర డిగ్రీకి దగ్గర తిరిగినట్టే. అక్కడ సమానంగా ఉంటే అప్పుడు ముందు వైపు, చాసిస్ చూద్దాం.

పట్టీలు చేర్చినప్పుడు కట్ట లావవుతుంది. దానికి పొడుగు సెంటర్ బోల్ట్ కావాలి, దాని తల సీటు గుంటలో కూర్చోవాలి. యూ బోల్టులు కొత్తవి వేయాలి, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించాలి. కమాన్ కొసని చాసిస్‌కి వేలాడదీసే షాకిల్ బోల్టులు బండి బరువు చక్రాల మీద పడ్డాకే చివరి బిగింపు. ఇవేమైనా అడిగావా వాణ్ని? స్టిక్కర్ అంటించి డబ్బులు తీసుకుని ఉంటాడు. బ్రేకు హోస్ కూడా చూడు, బండి లేచాక అది బిగుసుకుపోతుంది. 1988 మోటారు వాహనాల చట్టంలో బండిని మార్పించడం గురించిన 52వ సెక్షన్ కూడా ఒకసారి చదువు. రేపేదైనా అయితే ఇన్సూరెన్స్ వాడు ముందు అదే తీస్తాడు. సరే, చదవకపోయినా ఔటర్ మీద 120 అని బోర్డుందని అంత కొట్టకు. ముఖ్యంగా తడిలో.

హెల్త్ చెకప్ రిపోర్ట్ వచ్చిందా? విటమిన్ డి మళ్లీ తక్కువేనా?

శనివారం పొద్దున్నే, ట్రాఫిక్ లేకముందే, నలభై దాటకుండా మెల్లగా ఇక్కడికి తీసుకురా. వాన ఉంటే ఇంకా మంచిది, జాడ ఇంటి ముందే కనిపిస్తుంది. జాక్ స్టాండ్లు పైనుంచి దింపి పెట్టాను, గుండు దారం పక్కింటి మేస్త్రిని అడిగాను. పాత యూ బోల్టులు షాపువాడు డిక్కీలో పడేసి ఉంటే అవి కూడా తీసుకురా. సైజు చూసి రాణిగంజ్‌లో కొత్తవి నేనే తెస్తాను.

నాన్న