సోంపేట డయాలసిస్ కేంద్రానికి, మా ఊరి ఆరోగ్య సిబ్బందికి కృతజ్ఞతలు

మా చిన్నాన్న గారికి శ్రీకాకుళం జిల్లా సోంపేట ప్రభుత్వ ఆసుపత్రిలో డయాలసిస్ క్రమం తప్పకుండా సాగుతోంది. అందుకు కారకులైన వారందరికీ మా కుటుంబం తరఫున బహిరంగంగా కృతజ్ఞతలు తెలియజేస్తున్నాను.

మొదటి నమస్కారం మా ఊరి ఆశా కార్యకర్తకు, ఏఎన్ఎం గారికి. కిడ్నీ జబ్బు తొలి దశల్లో పైకి ఏమీ కనిపించదు కాబట్టి, వారు ఇంటికి వచ్చి కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్షకు రక్తం తీసుకోకపోయి ఉంటే, చిన్నాన్న గారు కొబ్బరి తోట నుంచి రాగానే ఒళ్లునొప్పుల మాత్ర వేసుకుంటూనే ఉండేవారు. ఆ మాత్రలు కిడ్నీలకు చేటు చేస్తాయని మాకు చెప్పింది కూడా వారే. జబ్బు ఆగలేదు. అయితే బీపీ అదుపులో ఉంచుకోవడానికి, డయాలసిస్ సూదులు గుచ్చడానికి వీలుగా చేతి రక్తనాళాలను కలిపే ఫిస్టులా ఆపరేషన్ ముందుగానే చేయించుకోవడానికి వ్యవధి దొరికింది. అత్యవసరంగా మెడకు గొట్టం వేయించుకుని డయాలసిస్ మొదలుపెట్టిన వారి అవస్థ చూసినవారికి ఆ వ్యవధి విలువ తెలుస్తుంది.

డయాలసిస్ కేంద్రం సిబ్బందికి ఎంత చెప్పినా తక్కువే. ఒక్కో విడత సుమారు 4 గంటలు పడుతుంది, వంద లీటర్లకు పైగా శుద్ధి చేసిన నీరు కావాలి. ఆర్‌ఓ ప్లాంటు, కరెంటు, టెక్నీషియన్, ఈ మూడింటిలో ఏది లేకపోయినా ఆ రోజు చికిత్స లేనట్టే. యంత్రాలు కొని ప్రారంభోత్సవం చేయడం కంటే, వాటిని వారం వారం ఆగకుండా నడపడమే కష్టమని నా అభిప్రాయం. ఒకప్పుడు ఇదే చికిత్స కోసం, కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న మా ఉద్దానం ప్రాంత రోగులు సుమారు 200 కిలోమీటర్ల దూరంలోని విశాఖపట్నం వెళ్లి వచ్చేవారు.

అందుకే ఈ సేవలను మా ప్రాంతానికి తేవాలని ప్రణాళిక వేసిన జిల్లా, రాష్ట్ర స్థాయి అధికారులకు కూడా ధన్యవాదాలు. ఉద్దానం జబ్బుకు అసలు కారణం ఇదీ అని శాస్త్రజ్ఞులు ఇంకా నిర్ధారించలేదు. అది తేలేదాకా ఆగకుండా, ఒకవైపు ఊళ్లలో పరీక్షలు, మరోవైపు డయాలసిస్ కేంద్రాలు, హిరమండలం జలాశయం నుంచి తాగునీరు, పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన 200 పడకల ఆసుపత్రి, డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను ఏర్పాటు చేశారు. ప్రభుత్వాలు మారినా పనులు కొనసాగడం మా వంటి కుటుంబాలకు పెద్ద అండ. పలాసలో కిడ్నీ వైద్య నిపుణుల పోస్టులు ఎప్పుడూ ఖాళీ లేకుండా చూడాలని, ఊళ్లలో పరీక్షలు ఏటా జరిపించాలని ఈ సందర్భంగా వినయంగా కోరుతున్నాను.

చిన్నాన్న గారు తన తరఫున ఒక మాట ప్రత్యేకంగా రాయమన్నారు. నొప్పి తెలియకుండా సూది గుచ్చే టెక్నీషియన్ గారికి ఆయన నమస్కారాలు. వారి షిఫ్టులోనే తనకు మంచం ఇవ్వమని వెళ్లిన ప్రతిసారీ అడుగుతున్నందుకు మిగిలిన సిబ్బంది ఏమీ అనుకోవద్దని కూడా కోరుతున్నారు.