మిస్ మార్పుల్‌ని వరసలో చదవరా!

ఒరేయ్ నేస్తం,

నీ ఉత్తరం అందాక రెండు రోజులు ఊరుకున్నాను. ఇక నా వల్ల కాలేదు. "ఆ ముసలావిడ కుర్చీలో కూర్చుని ఊలు అల్లుకోవడం తప్ప ఏం చేస్తుందిరా? దీనికోసమా నువ్వు ఇన్నేళ్లుగా ఆ పుస్తకాలు పట్టుకుని వేలాడుతున్నావు?" అని రాశావు చూడు, ఆ రెండు ముక్కలకి జవాబే ఇదంతా. తీరిగ్గా కూర్చుని చదువు, పొడుగే అవుతుంది.

ముందు ఒక సంగతి. తప్పు నీది కాదు, నువ్వు మొదలుపెట్టిన చోటుది. నీ చేతికి దొరికింది 'నెమెసిస్'. అది 1971లో వచ్చింది. ఇంగ్లీషు డిటెక్టివ్ నవలల రచయిత్రి అగాథా క్రిస్టీ, హత్యల గుట్టు విప్పే ఈ ముసలావిడ మిస్ మార్పుల్‌తో రాసిన నవలల్లో అన్నిటికంటే చివర రాసింది అదే. చివర అచ్చయింది మాత్రం వేరే ఉంది, దాని కథ తర్వాత చెబుతాను. నువ్వు చదివిన దాంట్లో ఎవరో డబ్బున్న పెద్దాయన చనిపోతూ మిస్ మార్పుల్‌కి ఒక ఉత్తరం రాసి పెడతాడు. ఒక పని చేసి పెట్టు, ఇరవై వేల పౌండ్లు నీవి అంటాడు. ఆ పనేమిటో చెప్పడు. నీకు విసుగు పుట్టింది. పుట్టదా మరి! ఆ పెద్దాయన ఎవరో నీకు తెలియదు కదా. ఏడేళ్ల ముందు, 1964లో వచ్చిన నవలలో, వెస్టిండీస్ దీవిలో ఆ ఇద్దరికీ పరిచయం అవుతుంది. కాళ్లూ చేతులూ సరిగ్గా ఆడని ఆ కోపిష్టి మనిషి అందర్నీ కసురుతూ ఉంటాడు. ఒక అర్ధరాత్రి ఈవిడ తలకి గులాబీ రంగు ఊలు శాలువా చుట్టుకుని వెళ్లి ఆయన్ని నిద్ర లేపి, ఒక హత్యని ఆపాలి లేవండి అంటుంది. ఆ రాత్రి తెలిసిన వాడికి 'నెమెసిస్' మొదటి పేజీలో పేపర్లో ఆయన మరణవార్త చూడగానే గుండె కలుక్కుమంటుంది. నీకు అది ఊరికే ఒక పేరు.

అందుకే చెబుతున్నాను, ఈ సిరీస్‌ని వరసలో చదవాలి. ఏ పుస్తకానికి ఆ పుస్తకంలో హత్య తేలిపోతుంది, నిజమే. ఎక్కడ మొదలుపెట్టినా కథ అర్థమవుతుంది. కానీ పన్నెండు నవలల పొడవునా ఇంకో కథ నడుస్తూ ఉంటుంది. ఒక మనిషి ముసలితనం, ఆమె చుట్టూ మారిపోతున్న ఒక ఊరు. నేను ఆ కథ కోసం చదువుతాను. హంతకుడు ఎవరన్నది రెండోసారి చదివేటప్పుడు ఎలాగూ తెలిసిపోయే ఉంటుంది కదా, అయినా చదువుతున్నానంటే కారణం అదే.

ఆవిడ ఎలా పుట్టిందో చూడు. 1927లో ఒక పత్రికలో చిన్న కథ. సెయింట్ మేరీ మీడ్ అనే ఇంగ్లీషు పల్లెటూళ్లో, మంగళవారం రాత్రి, మిస్ మార్పుల్ ఇంట్లోనే కొందరు చేరతారు. స్కాట్లండ్ యార్డ్‌లో పెద్ద పదవి చేసినాయన, లాయరు, చర్చి గురువు, చిత్రాలు గీసే అమ్మాయి, నవలలు రాసే మేనల్లుడు. తేలని కేసుల గురించి తలా ఒకటి చెప్పుకుందాం అనుకుంటారు. మనుషుల్ని లెక్కపెడితే అయిదుగురు. అప్పుడు పెద్ద కుర్చీలోంచి ఆవిడ, నన్ను మర్చిపోయారే అంటుంది. తన ఇంట్లో తననే లెక్కలో వేయలేదు రా! తీరా చూస్తే ఎవరు ఏ కేసు చెప్పినా జవాబు ఆవిడ దగ్గరే ఉంటుంది. ఆ మొదటి పేజీల్లోనే క్రిస్టీ మొత్తం సిరీస్‌కి తాళంచెవి పెట్టేసింది అనిపిస్తుంది నాకు. ఆవిణ్ణి ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అందుకే ఆవిడ ఎదుట అందరూ నోరు జారతారు.

ఇక ఆవిడ పద్ధతి. వేలిముద్రలు, భూతద్దం, అలాంటివేం లేవు. ఎవరినైనా చూడగానే తన ఊళ్లో ఒకరు గుర్తొస్తారు. ఈ పెద్దమనిషి మాటతీరు ఫలానా దుకాణం వాడిలా ఉందే, వాడు చివరికి ఏం చేశాడు అనుకుంటుంది. వినే పోలీసులకి చిరాకు. హత్య గురించి అడిగితే ఈవిడ ఎవరి పనిమనిషి గురించో మొదలుపెట్టిందేమిటి అనుకుంటారు. కానీ ఆలోచించు, మనం మనుషుల్ని అంచనా వేసేది కూడా అలాగే కదా? కొత్తవాణ్ణి చూసి "వీడు అచ్చం మా బాబాయిలా మాట్లాడుతున్నాడు, డబ్బు అప్పివ్వకూడదు" అని నువ్వే నాతో ఎన్నిసార్లు అనలేదు!

ఇది నాకు నాన్న దగ్గర బాగా తెలిసింది. నీకు తెలుసుగా, చూపు తగ్గిన దగ్గర్నుంచి ఆయన సొంతంగా చదవలేకపోతున్నారు. రోజూ రాత్రి ఒక గంట నేను చదివి, అక్కడక్కడా తెలుగులో చెబుతూ వినిపిస్తున్నాను. మొదట్లో ఊరికే ఊఁ కొట్టేవారు. మూడో పుస్తకానికి వచ్చేసరికి మధ్యలో చెయ్యి ఎత్తి ఆపడం మొదలుపెట్టారు. "ఆగు. ఈ మనిషి మా ఆఫీసులో పాత క్యాషియర్ లాంటివాడురా. అడక్కుండానే లెక్కలు చూపించేవాడు. అడక్కుండా చూపించేవాణ్ణే అనుమానించాలి" అన్నారు. ఆయన చెప్పినవాడు హంతకుడు కాలేదు. కానీ ఆ పాత్ర ఏదో దాస్తున్నాడన్నది నిజమే అయింది. నలభై ఏళ్ల కిందటి క్యాషియర్ని మంచం మీద పడుకుని గుర్తు తెచ్చుకుని, ఇంగ్లండ్‌లో ఒక పాత్ర గుట్టు విప్పారు నాన్న. ఆయన ముఖం ఆ రాత్రి నువ్వు చూసి ఉండాల్సింది.

మొదటి నవల 'ది మర్డర్ ఎట్ ది వికరేజ్', 1930. దాన్ని ఊరి చర్చి గురువు చెబుతున్నట్టు రాసింది. ఆయన చదువుకునే గదిలోనే ఒక కల్నల్ శవం దొరుకుతుంది. ఇందులో మిస్ మార్పుల్ నీకు అంతగా నచ్చకపోవచ్చు, ముందే చెబుతున్నాను. ఊళ్లో అందరికీ ఆవిడంటే కాస్త భయం. తోటపని చేస్తున్నట్టు ఉంటుంది, పిట్టల్ని చూడ్డానికని బైనాక్యులర్స్ పట్టుకుంటుంది, కానీ వీధిలో ఎవరు ఎటు వెళ్లారో అన్నీ ఆ కళ్లకి తెలుసు. నాలుకకి పదునెక్కువ. ఆ తర్వాతి నవల రావడానికి పన్నెండేళ్లు పట్టింది, 1942. అక్కణ్ణుంచి ఆవిడ మెత్తబడుతూ వస్తుంది. చూసే చూపు తగ్గలేదు, చూసినదాని మీద జాలి పెరిగింది. ఈ మార్పు ఒక్క పుస్తకం చదివితే కనబడదు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన మొదలు మాత్రం 1950లో వచ్చిన 'ఎ మర్డర్ ఈజ్ అనౌన్స్డ్'ది. పొద్దున్నే ఊళ్లో ఇంటింటికీ లోకల్ పేపర్ వస్తుంది. అందులో చిన్న ప్రకటన. ఫలానా శుక్రవారం, అక్టోబరు 29న, సాయంత్రం ఆరున్నరకి, ఫలానా ఇంట్లో హత్య జరుగుతుంది, మిత్రులు దీన్నే ఆహ్వానంగా భావించాలి. ఆ ఇంటావిడకే దాని సంగతి తెలియదు! ఊరంతా ఏదో ఆట అనుకుని, తలా ఒక సాకు చెప్పుకుంటూ సాయంత్రానికి వచ్చేస్తారు. గడియారం ఆరున్నర కొడుతుంది. లైట్లు ఆరిపోతాయి. ఇక చెప్పను.

ఆ నవలలో సస్పెన్స్ ఎంత బాగుంటుందో, యుద్ధం అయిపోయిన ఇంగ్లండ్ అంత బాగా కనబడుతుంది. ఇంకా రేషన్ పుస్తకాల కాలమే. పదిహేనేళ్ల కిందటైతే ఊళ్లోకి ఎవరు వచ్చినా, వాళ్లు ఎవరి తాలూకో అందరికీ తెలిసేది, ఇప్పుడు పక్కింటివాళ్లు తమ గురించి తాము ఏం చెప్పుకుంటే అదే నమ్మాలి అంటుంది మిస్ మార్పుల్. ఎంత పెద్ద మాటో చూడు. ఆవిడ విద్యంతా మనుషుల్ని తెలిసి ఉండడం మీద ఆధారపడింది. తెలియని మనుషులు చుట్టూ చేరినప్పుడు ఆ విద్య పని చేస్తుందా? అక్కణ్ణుంచి వచ్చే నవలలన్నీ నాకు ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతున్నట్టు ఉంటాయి.

నువ్వు "ఏం చేస్తుంది" అని అడిగావు కాబట్టి 1957 నాటి '4.50 ఫ్రమ్ పాడింగ్టన్' సంగతి చెప్పి తీరాలి. మిస్ మార్పుల్ స్నేహితురాలు ఒకామె రైల్లో వస్తుంటుంది. పక్క పట్టాల మీద ఇంకో రైలు కాసేపు వీళ్ల రైలుతో సమానంగా నడుస్తుంది. ఉన్నట్టుండి ఎదుటి పెట్టెలో కిటికీ తెర ఎగిరి పైకి పోతుంది. లోపల ఒక మగవాడి వీపు, అతని చేతుల్లో ఒక ఆడమనిషి గొంతు. ఆమె చూస్తుండగానే ఆ రైలు వేగం అందుకుని వెళ్లిపోతుంది. రైల్వే వాళ్లకి చెబితే కలగన్నారేమో అంటారు. పోలీసులు వెతికినా శవం లేదు, ఎవరూ తప్పిపోయినట్టు ఫిర్యాదూ లేదు. నమ్మింది ఒక్క మిస్ మార్పుల్. ఎందుకు? తన స్నేహితురాలికి ఊహలు అల్లే గుణం బొత్తిగా లేదని ఆవిడకి తెలుసు. లేనిది చూసే మనిషి కాదు. అంతే, సాక్ష్యం అక్కర్లేదు.

ఆ తర్వాత ఆవిడ చేసేది చూడు. రైళ్ల వేళలు తెలుసుకుంటుంది, మ్యాపులు తెప్పించుకుని ముందేసుకుంటుంది, తనే ఆ రైలెక్కి అదే దారిన ప్రయాణం చేస్తుంది. ఒకచోట రైలు మలుపు తిరిగేటప్పుడు ఒరుగుతుంది. శవాన్ని బయటికి తోస్తే ఇక్కడే తొయ్యాలి అనుకుంటుంది. కింద గట్టు, గట్టుకి ఆనుకుని ఒక పెద్ద పాత బంగళా. అక్కడికి వెళ్లి వెతికే ఓపిక తనకి లేదు. అందుకని లెక్కల్లో ఆక్స్‌ఫర్డ్‌లో ఫస్ట్ క్లాస్ తెచ్చుకుని, కావాలనే ఇంటిపనిని వృత్తిగా ఎంచుకున్న ఒక అమ్మాయిని ఆ బంగళాలో పనికి కుదురుస్తుంది. కుర్చీలో కూర్చుని ఊలు అల్లుకునే మనిషేనా రా ఇది?

1962లో వచ్చిన 'ది మిర్రర్ క్రాక్డ్ ఫ్రమ్ సైడ్ టు సైడ్' నాటికి మిస్ మార్పుల్ ఊరు పూర్తిగా మారిపోతుంది. పొలాల్లో కొత్త ఇళ్ల కాలనీ లేస్తుంది. ఆ నవల మొదటి అధ్యాయం నేను నాన్నకి చదివిన రాత్రి మర్చిపోలేను. మిస్ మార్పుల్ కిటికీ దగ్గర కూర్చుని తోటకేసి చూస్తుంటుంది. వంగి పని చేయకూడదని డాక్టరు అనేశాడు, తోటంతా పనివాడి ఇష్టానికి పోయింది. చేతిలో అల్లిక. ఎక్కడో ఒక ముడి జారిపోయిందని చాలా వరసలు అల్లేశాక గానీ తెలియదు. వెలుతురు వైపు పెట్టి, కళ్లు చిట్లించి, పట్టుకోవాలని చూస్తుంది, చేత కాదు. పైగా మేనల్లుడు కుదిర్చిన తోడు ఒకామె ఎప్పుడూ పక్కనే ఉండి చంటిపిల్లతో మాట్లాడినట్టు మాట్లాడుతుంది. నేను ఆ పేజీ చదువుతుంటే నాన్న కదల్లేదు. కాసేపయ్యాక, "తర్వాత?" అన్నారు. తర్వాత ఏం చేస్తుందో తెలుసా? ఆ తోడు మనిషిని ఏవేవో కొనుక్కురమ్మని బజారుకి పంపి, ఒక్కతే కొత్త కాలనీ చూడ్డానికి బయల్దేరుతుంది! నాన్న పకపకా నవ్వారు. చాలా రోజులైంది ఆ నవ్వు విని. ఆ కాలనీ వీధుల్లో నడుస్తూ, ఇళ్లు కొత్తవే గానీ మనుషులు మాత్రం ఎప్పటి మనుషులే అని ఆవిడ కనిపెట్టడం ఉంది చూడు, 1950లో వేసిన ప్రశ్నకి నాకు అక్కడ జవాబు దొరికింది.

మిస్ మార్పుల్‌ని ముందే అంత వయసుతో పుట్టించడం పొరపాటైందని, ఇన్నేళ్లు ఆవిడతో నడవాల్సి వస్తుందనుకోలేదని క్రిస్టీ ఆత్మకథలో రాసుకుంది. నాకైతే ఆ పొరపాటే వరం అనిపిస్తుంది. యవ్వనంలో ఉన్న డిటెక్టివ్ అయితే ముప్పై ఏళ్లు అలాగే ఉండిపోయేవాడు.

అన్నట్టు, టీవీ వెర్షన్ చూస్తే బీబీసీది చూడు, 1984 నుంచి 1992 దాకా వచ్చింది. జోన్ హిక్సన్ పన్నెండు నవలల్లోనూ వేసింది. మొదలుపెట్టేనాటికే ఆమెకి డెబ్బై దాటాయి. ఏమీ చేయకుండా, ఊరికే ఎదుటివాడి మాట వింటూ కూర్చునే ఆ కళ్లు చాలు. కానీ పుస్తకాలయ్యాకే చూడు.

ఇక 'స్లీపింగ్ మర్డర్'. 1976లో, క్రిస్టీ పోయిన తర్వాత అచ్చయింది. రాసింది మాత్రం రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో. రాసి దాచి పెట్టేసింది. అందుకని వరసలో చివర చదివితే ఒక వింత జరుగుతుంది. మోకాళ్లు నొప్పులని కుర్చీకి అంటుకుపోయిన మనిషి ఉన్నట్టుండి తోటలో వంగి కలుపు తీస్తూ కనబడుతుంది. ముందు పుస్తకాల్లో ఎప్పుడో చనిపోయాడని చదివిన ఆవిడ పాత స్నేహితుడు కల్నల్ బాంట్రీ బతికే ఉంటాడు. తప్పులంటారు కొందరు. నేను మొదటిసారి చదివినప్పుడు మాత్రం పాత ఫొటో ఆల్బమ్ తెరిచినట్టు అనిపించి, పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చున్నాను.

కాబట్టి ఆ 'నెమెసిస్' పక్కన పెట్టు. 1930 దాంతో మొదలుపెట్టు. అంత వెనక్కి వెళ్లే ఓపిక లేదంటే ఆ పేపర్ ప్రకటన పుస్తకం తీసుకో, నాకు అభ్యంతరం లేదు. లైట్లు ఆరిన అధ్యాయం అవ్వగానే నీ అనుమానం ఎవరి మీదో ఒక కాగితం మీద రాసి నాకు పంపు. చివరి పేజీలు ముందు చూశావో, నాకు తెలిసిపోతుంది.

నాన్నకి పదకొండు పూర్తయ్యాయి. పన్నెండోది ఈ ఆదివారం రాత్రి మొదలుపెడదాం అన్నారు. కల్నల్ బాంట్రీ సంగతి ఆయనకి ఇంకా చెప్పలేదు. ఆ పేరు రాగానే చెయ్యి ఎత్తి "ఆగు, ఈయన పోయాడు కదరా" అంటారని నాకు ఇప్పుడే వినబడుతోంది. ఏమన్నారో రాస్తాను.

ఉంటాను,
నీ నేస్తం