డాక్‌ల అర సగం ఖాళీ చేస్తున్నాం

ఈ నెల నుంచి మా దుకాణంలో డాక్‌ల (డీఏసీ, అంటే డిజిటల్ టు అనలాగ్ కన్వర్టర్) రకాలు బాగా తగ్గుతాయి. సరుకు దొరక్క కాదు. మీలో చాలామందికి కొత్త డాక్ అక్కర్లేదు కనుక. అమ్ముకునేవాళ్లు అనవలసిన మాటేనా ఇది అని మా లెక్కలు చూసే ఆయన గొణుగుతూనే ఉన్నారు.

పాటను అంకెల రూపంలో అందుకుని, యాంప్లిఫయర్‌కు కావలసిన విద్యుత్ సంకేతంగా మార్చడమే డాక్ పని. మీ ఫోనులో, టీవీలో, కంప్యూటర్‌లో ఇప్పటికే అలాంటిది ఒకటి ఉంది. 1982లో వచ్చిన సీడీ ఒక్కో కొలతకు 16 బిట్లు, సెకనుకు 44,100 కొలతలతోనే (44.1 కిలోహెర్ట్జ్) మనిషి చెవికి అందే 20 కిలోహెర్ట్జ్ ధ్వని వరకూ పట్టుకుంది. అందులో అతి సన్నని ధ్వనికీ అతి పెద్ద ధ్వనికీ మధ్య దాదాపు 96 డెసిబెళ్ల అంతరం ఉంటుంది. ఇప్పుడు చవకగా దొరికే మంచి డాక్‌లు ఆ హద్దును సులువుగా దాటుతున్నాయి. కాబట్టి పెట్టె మీద 32 బిట్లు, 768 కిలోహెర్ట్జ్ అన్న అంకెలు చూసి డబ్బు పెట్టకండి. లోపల ఏ చిప్ ఉందన్నదీ అంతే. దాని చుట్టూ ఉన్న సర్క్యూట్ ఎంత శ్రద్ధగా చేశారన్నది అంతకన్నా ముఖ్యం.

మరి ఖరీదైనది పెట్టగానే పాట విచ్చుకున్నట్టు అనిపిస్తుందేమని అడుగుతారు. చాలాసార్లు వాల్యూమ్ కాస్త పెరగడమే దానికి కారణం. ఎరుపు, తెలుపు ప్లగ్‌లు పెట్టే మామూలు ఆర్‌సీఏ అవుట్‌పుట్ 2 వోల్టుల దగ్గర ఉంటుంది. పక్కన పెట్టిన డాక్ 2.5 వోల్టులు ఇచ్చిందంటే దాదాపు 2 డెసిబెళ్లు ఎక్కువ. చెవి దాన్ని పెద్ద శబ్దమని గుర్తుపట్టదు, స్పష్టత పెరిగిందనుకుంటుంది. అందుకే ఇకపై వినిపించే ముందు 1 కిలోహెర్ట్జ్ టోన్ పెట్టి, స్పీకర్ టెర్మినళ్ల దగ్గర వోల్టేజీ కొలిచి, రెండు డాక్‌లనూ సమం చేస్తాం. ఏది మోగుతోందో మీకు చెప్పం. తేడా తెలియక వట్టి చేతులతో వెళ్లేవారు ఉంటారు, ఉండనివ్వండి.

కొనవలసినవారూ ఉన్నారు. కంప్యూటర్ హెడ్‌ఫోన్ జాక్‌లో బుసబుస వినిపిస్తున్నా, మౌస్ కదిపినప్పుడల్లా కీచుమంటున్నా బయటి డాక్ తీసుకోండి, తేడా వెంటనే తెలుస్తుంది. యూఎస్‌బీ డాక్ పెట్టాక కూడా స్పీకర్లలో సన్నని మోత ఉంటే బహుశా గ్రౌండ్ లూప్, అంటే పరికరాల ఎర్త్ తీగల మధ్య తిరిగే అనవసరపు కరెంటు. ఆప్టికల్ కేబుల్ వాడి చూడండి. అందులో ప్రయాణించేది వెలుగు కనుక కంప్యూటర్‌తో విద్యుత్ సంబంధం తెగిపోతుంది.

టీవీకి ఆప్టికల్ కేబుల్‌తో కలిపితే శబ్దమే రావడం లేదా? టీవీ సెట్టింగ్‌లలో డిజిటల్ ఆడియో అవుట్‌పుట్‌ను పీసీఎంకు (కుదించని మామూలు డిజిటల్ ధ్వని) మార్చండి. టీవీ డాల్బీ పద్ధతిలో కుదించిన సంకేతం పంపుతుంటే మామూలు స్టీరియో డాక్‌కు అది అర్థం కాదు. మాకు వాపసు వచ్చే పెట్టెల్లో చెడిపోయినవాటికన్నా ఈ సెట్టింగ్ బాధితులే ఎక్కువ.

హెడ్‌ఫోన్ల కోసమైతే ముందు డాక్‌లో హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్ ఉందో లేదో చూసుకోండి. 300 ఓమ్‌ల ఇంపిడెన్స్ (విద్యుత్‌కు అడ్డుపడే గుణం) ఉన్న హెడ్‌ఫోన్‌కు తగినంత వోల్టేజీ కావాలి. 16 ఓమ్‌ల ఇయర్‌ఫోన్‌కైతే యాంప్లిఫయర్ అవుట్‌పుట్ ఇంపిడెన్స్ 2 ఓమ్‌లు మించకుండా ఉంటే మేలు.

రెసిస్టర్ల నిచ్చెనతో పనిచేసే ఆర్‌టూఆర్ డాక్‌లను ఇకపై ముందుగా చెప్పినవారికే తెప్పిస్తాం. నాకూ అవంటే మోజే, ఇంట్లో ఒకటి ఉంది. అయితే కొలతల్లో మాత్రం ఇప్పుడు ఎక్కువగా దొరికే చిప్ రకమైన చవక డెల్టా సిగ్మా డాక్‌లే చాలాసార్లు వాటిని మించిపోతాయి. ఆ సంగతి తెలిసి కొంటానంటే అభ్యంతరం లేదు.

ఖాళీ అయిన అరలోకి స్పీకర్ స్టాండ్లు, గది ప్రతిధ్వనిని తగ్గించే ప్యానెళ్లు వస్తున్నాయి. డాక్ పోల్చి చూడాలనుకుంటే మీ పాతదాన్ని, దాని అడాప్టర్‌తో సహా, వెంట తీసుకురండి. పోలికలో అదీ ఉండాలి.