పాత సినిమా పోస్టర్లను పారేయకండి

సంపాదకులకు నమస్కారం.

నాన్న పోయాక ఆయన పెట్టె అడుగున మడతలు పెట్టిన సినిమా పోస్టర్ ఒకటి దొరికింది. పెళ్లయ్యాక అమ్మానాన్నలు కలిసి చూసిన మొదటి సినిమాదట. మడతల దగ్గర చిరిగింది, వెనక జిగురు మరకలు. అమ్మ దాన్ని చేత్తో నిమురుతూ, ఆ రోజు వాన పడిందని, ఇంటర్వెల్ దాకా తడి బట్టలతోనే కూర్చున్నామని చెప్పింది. అంతవరకూ ఆ మాట మాకెప్పుడూ చెప్పలేదు.

అప్పటినుంచి పోస్టర్లు సేకరిస్తున్నాను. 1895లో, సినిమా పుట్టిన కొత్తలో, ఫ్రాన్స్‌కు చెందిన తొలితరం సినిమావాళ్లు లూమియర్ సోదరుల ప్రదర్శనలకే పోస్టర్లు వేశారు. కానీ గోడమీద నాలుగు రోజులుంటే చాలు కదా అని చాలావాటిని చవక కాగితం మీదే అచ్చేసేవారు. ఆ చెక్కగుజ్జు కాగితంలోని ఆమ్లం వల్లే అవి పసుపెక్కి, పెళుసుబారతాయి. మొదట్లో తెలియక ఒకదానికి సెల్లోటేప్ అంటించాను, ఇంకోదాన్ని లామినేషన్ చేయించాను. రెండూ పాడయ్యాయి, ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఎండ, తేమ తగలకుండా, ఆమ్లం లేని కాగితాల మధ్య పరిచి ఉంచాలి.

ఇల్లు సర్దేటప్పుడు పాత పోస్టర్ కనిపిస్తే దయచేసి పారేయకండి. ముందు ఇంట్లో పెద్దవాళ్లకు చూపించండి. వాళ్లు చెప్పింది వేరే కాగితం మీద రాసి, దానితోపాటే దాచండి. అమ్మ చెప్పిన వాన సంగతి నేను అలాగే రాసిపెట్టుకున్నాను.

– ఒక పాఠకురాలు